చెరి సగం

పెద్దోడు రాయిని నాలుకతో నాకి, మెరుస్తోందో లేదో చూసుకుని, ఆ ఎంగిలి తడితోనే నేను రత్నాలు పరీక్షించే బల్ల మీద పెట్టాడు. పోయిన నా స్నేహితుడి పెద్ద కొడుకు వాడు. పక్కన తమ్ముడు చిన్నోడు ముక్కులో వేలు తిప్పుకుంటూ, చూపు మాత్రం రాయి మీద నుంచి తిప్పడం లేదు.

బొటనవేలంత నీలి స్ఫటికం. వాళ్ల నాన్న గనుల వెంట తిరిగి తిరిగి సంపాదించుకున్నది. ఒక కొట్లో గాజన్నారట, ఇంకో కొట్లో ఆక్వామెరీన్ అనే నీలి రత్నం అన్నారట. స్పిరిట్‌తో ఒకటికి రెండుసార్లు తుడిచి, గాలిలో తూచి, నీళ్లలో తూచాను. ఆక్వామెరీన్ కన్నా బరువు. కాంతి అందులో ఎంత వంగుతోందో కొలిచాను. మైక్రోస్కోపు కింద నిలువునా ఒకే దిక్కుకు సాగే సన్నని గీతలు కనిపించాయి. అనుమానం లేదు, యూక్లేజ్ అనే అరుదైన రత్నం. ఇదీ ఒక సిలికేటే, ఆ జాతి ఖనిజాలు కాళ్ల కింద మట్టిలో బోలెడు. ఇంత నీలంగా, కొస చెదరకుండా ఉన్న ఇలాంటిది మాత్రం నా జన్మలో చూడలేదు.

వాళ్ల ఇంటి కన్నా ఈ రాయే ఎక్కువ చేస్తుందని చెప్పాను. వాళ్లకు కావలసిందీ ఆ మాటే. అలా తేలితే రాయి అన్నదమ్ములకు, ఇల్లు చెల్లెలికి అని ఒప్పందం. మంచాన పడ్డ తండ్రికి అన్నీ ఎత్తిపోసింది ఆ పిల్లే. వీళ్లిద్దరూ ముక్కు మూసుకుని కూడా ఆ గదిలో అడుగు పెట్టలేదు.

“జాగ్రత్త. ఈ గీత వెంట చిన్న దెబ్బ తగిలినా నిలువునా రెండవుతుంది,” అని వేలు పెట్టి మరీ చూపించాను.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చారు. ఇల్లు చెల్లెలి పేర రాసిచ్చేశారు. ఆ తర్వాత రాయి ఎవరి దగ్గర ఉండాలన్న పేచీ మొదలైందట. అన్న దగ్గరుంటే తమ్ముడికి నిద్ర పట్టదు, తమ్ముడి దగ్గరుంటే అన్నకు ముద్ద దిగదు. చిన్నోడు ముక్కు తుడుచుకున్న రుమాలే తీసి విప్పాడు. అందులో రెండు ముక్కలు, కాస్త నీలి పొడి.

“గీత మీరే చూపించారు కదా బాబాయ్. కత్తి పెట్టి ఒక్కటిచ్చాం. సమానంగానే వచ్చింది,” అన్నాడు పెద్దోడు.

కోపం కూడా రాలేదు. ఒట్టి అసహ్యం.

ఆ ముక్కలకు ఇక పెద్ద ధర పలకదని కొట్లవాళ్లే చెప్పేశారట. అందుకని, నేను మొదటే పొరబడ్డాననీ, అది మామూలు రాయేననీ రాసివ్వాలట. అప్పుడు పంపకం చెల్లదు, ఇల్లు మళ్లీ మూడు వాటాలవుతుంది. నాకూ ఏదో ముట్టజెబుతారట. ఈ మాట చెబుతూ పెద్దోడు చెమట చేత్తో నా చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్లంతా జెర్రి పాకినట్టయింది.

“ఒక్కతికి అంత ఇల్లెందుకు బాబాయ్,” అన్నాడు చిన్నోడు.

చెయ్యి విడిపించుకుని, సబ్బుతో కడుక్కుని వచ్చాను. ముక్కల్ని తుడిచి మళ్లీ అన్ని పరీక్షలూ చేశాను. రాయి మాట మార్చలేదు. ఇది యూక్లేజేననీ, మొదట చెప్పిన విలువ సరైనదేననీ, పంపకం అయ్యాక సొంతదారులే విరగ్గొట్టుకున్నారనీ రాసి, మూడు ప్రతుల మీద సంతకం పెట్టాను. అన్నదమ్ములకు చెరొకటి ఇచ్చాను.

“సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి,” అన్నాను.

పెద్దోడు బల్ల మీద మిగిలిన కాగితం వైపు చూశాడు.

“ఆ మూడోది ఎవరికి?”

“ఇంటి ఓనరుకి.”