చెవి అంచున పుండు

ఇళ్లకు రంగులు వేసే అతనికి అక్క కిడ్నీ ఇచ్చి ఎనిమిదేళ్లయింది. కుట్టుపని చేసుకునే మనిషి, నెలరోజులు మిషన్ ఆపుకుని మరీ ఇచ్చింది. ఇప్పుడు అతని చెవి అంచున పుండొకటి లేచి, మూడు నెలలైనా మానడం లేదు.

కిడ్నీ నిలవడానికి వాడే మందులు క్యాన్సర్‌తో పోరాడే శక్తిని తగ్గిస్తాయని, ఎండ తగలనివ్వొద్దని, చర్మంపై ఏది లేచినా వెంటనే చూపించమని డాక్టరమ్మ మొదట్లోనే చెప్పింది. అతను మరిచిపోలేదు. చూపిస్తే మందులు ఆపేస్తారని, ఆపితే అక్క ఇచ్చింది కాస్తా పాడైపోతుందని హడలిపోయి టోపీ చెవుల మీదికి లాక్కుని తిరిగాడు.

ఒకరోజు చొక్కా కొలత తీయడానికి దగ్గరికొచ్చిన అక్క టోపీ పైకెత్తింది.

"ఏంట్రా ఇది?"

"ఏం లేదక్కా. దోమ కుట్టింది."

"మానకుండా ఇంత పుండు పెట్టిన దోమ ఎక్కడుందిరా? పద ఆస్పత్రికి."

చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. చర్మ క్యాన్సరేనని తేలింది.

"మా అక్క కిడ్నీ పోతుందా డాక్టరమ్మా?" అన్నాడు.

"పుండు కోసి తీసేస్తాం. ఒక మందు తగ్గించి, ఇంకోటి మారుస్తాం. కిడ్నీ మీద ఓ కన్నేసి ఉంచుతాం."

బయటికి రాగానే అక్క మండిపడింది. "ఇచ్చేశాక అది నాదెలా అవుతుందిరా? నువ్వు బతకాలని ఇచ్చాను. దానికి కాపలా కాయమని కాదు!"

అతను చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

చెవి అంచు కొంచెం పోయింది. తర్వాత మూడు వారాలు అతనికి కంటిమీద కునుకు లేదు. చివరికి డాక్టరమ్మ కాగితాలు తిరగేసి నవ్వింది. "క్యాన్సర్ మొత్తం తీసేశాం, కోసిన అంచుల్లో ఏమీ మిగల్లేదు. కిడ్నీ కూడా నిలకడగా ఉంది. ఇకపై నీడపట్టున, గదుల లోపలే రంగులెయ్యి. మూడు నెలలకోసారి వచ్చి ఒళ్లంతా చూపించుకో. ఈసారి దాచావో, రెండో చెవి నేనే మెలేస్తాను."

తిరుగు బస్సెక్కి కూర్చున్నాడో లేదో, అక్క భుజం మీదికి ఒరిగి నిద్రపోయాడు. కండక్టర్ లేపేసరికి బస్సు ఆఖరి స్టాపులో ఉంది.

"మన స్టాపు దాటిపోయిందే! లేపలేదేం అక్కా?"

"హాయిగా గురక పెడుతుంటే మనసొప్పలేదురా," అంది అక్క భుజం నొక్కుకుంటూ. "దిగు, నడిచి పోదాం."