మా ఇంటి గొంతు

మా అత్తవారింటి గొంతు ఊరంతటికీ తెలుసు. మావయ్య ఫోన్ ఎత్తి "ఎవరు బీరు?" అంటే చాలు, అవతలివాళ్ళు పేరు అడక్కుండానే "మేస్త్రీగారూ, ఒక బల్ల కావాలి" అని పని చెప్పేవారు. ఆయన నోట్లో 'మ' అన్నది 'బ' గానూ, 'న' అన్నది 'ద' గానూ పలికేవి. మంచం బంచమయ్యేది, నాలుగు దాలుగయ్యేది. మా ఆయనదీ అదే వరస. వాళ్ళిద్దరూ పనిచేసే వడ్రంగం షెడ్డు ఇంటిని ఆనుకునే ఉంది కాబట్టి రోజంతా ఈ పలుకులే వినపడేవి. అత్తయ్య వాటికి మురిసిపోయేది. "మా మామగారి నాటి నుంచీ ఇదే గొంతు. ఎంతమందిలో ఉన్నా మా వాళ్ళని ఇట్టే పట్టేయొచ్చు" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది.

ఒక్క మా మరిది మాత్రం ఆ గొంతు పోగొట్టుకున్నాడు. షెడ్డు పని వద్దని ఆఫీసు ఉద్యోగంలో చేరాడు. చేరిన కొన్నాళ్ళకే 'మ'లూ 'న'లూ గంట కొట్టినట్టు పలకడం మొదలుపెట్టాడు. బయటి తిండి తిని గొంతు పాడు చేసుకున్నాడని అత్తయ్య బెంగ పెట్టుకుంది. వాడు వచ్చినప్పుడల్లా పక్కన కూర్చోబెట్టుకుని కొసరి కొసరి వడ్డించేది. గొంతు మాత్రం బాగుపడలేదు.

నేను కాపురానికి వచ్చాక వంటింట్లో కుదురుగా ఉండలేకపోయాను. షెడ్డులోకి వెళ్ళి కూర్చుని, చూసి చూసి పాలిష్ పని నేర్చుకున్నాను. ఉప్పుకాగితంతో చెక్కను రుద్దడం, దూది పొదిగిన గుడ్డ ఉండతో పూత మీద పూత ఎక్కించడం, ఆరాక మళ్ళీ రుద్దడం. మా వీధిలో నాలా పాలిష్ పెట్టే చెయ్యి ఇంకొకటి లేదు. గొప్పలు పోతున్నాను అనుకుంటే అనుకోండి. గొప్పే.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక చలికాలం పొద్దున, ఎవరో పెద్దమనిషి బీరువా చూసుకోవడానికి వచ్చి మావయ్యతో మాట్లాడుతున్నాడు. నేను కాఫీ పట్టుకెళ్ళి మర్యాదగా "బావయ్యా, కాఫీ" అన్నాను. నా నోటి నుంచి మావయ్య బావయ్యగా వచ్చాడు. పెద్దమనిషి ఒకసారి నావైపు, ఒకసారి మావయ్య తెల్లజుట్టు వైపు చూసి, బీరువా తలుపు తీసి అందులో తల దూర్చాడు. లోపలికి వచ్చాక అత్తయ్య కళ్ళనీళ్ళు కారేలా నవ్వింది. తరవాత నన్ను దగ్గరకు తీసుకుని, "ఇప్పటికి మా ఇంటి మనిషివయ్యావు" అంది. నిజం చెప్పొద్దూ, నేనూ పొంగిపోయాను.

ఆ పొంగు ఎంతోకాలం నిలవలేదు. నుదురు బరువెక్కింది. కళ్ళ కింద ఎముకలు సలిపేవి, పై పళ్ళు లాగేవి, కూరలో ఉప్పు పడిందో లేదో తెలిసేది కాదు. పాలిష్ పెట్టాలంటే వంగాలి. వంగితే ముఖం ఊడి బల్ల మీద పడుతుందేమో అనిపించేది. పొద్దున లేస్తే గొంతులోకి జారే చీమిడితో యుద్ధం, మధ్యాహ్నానికి తలపోటు, ఆ తలపోటుతో ఎవరు పలకరించినా విసుగు. మా ఆయన నాతో మాట్లాడాల్సినవి కూడా అత్తయ్యతో చెప్పించేవారు.

చివరికి ముక్కు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా బుగ్గల ఎముకలు వేలితో నొక్కితే కెవ్వుమన్నాను. సైనసైటిస్ అంది.

"ముఖం ఎముకల్లో గాలి గదులుంటాయమ్మా. వాటి దారులు వాచి మూసుకుపోయాయి. మందులు రాస్తాను. ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కో, ఆవిరి పట్టు. కానీ రోజూ ఆ చెక్కపొడిలో, ఆ థిన్నర్ వాసనలో కూర్చుంటే ఎన్ని చేసినా మళ్ళీ నా దగ్గరికే వస్తావు" అంది.

ఇంటికొచ్చి చెప్పాను. మావయ్య ఉలి పక్కన పెట్టి విన్నారు. "ఈ పది దీకు పడదబ్బా. దువ్వు ఇంట్లో ఉండు" అన్నారు. ఇకపై మా అందరి మాటలూ మామూలుగానే రాస్తాను, మీరు ముక్కు మూసుకుని చదువుకోండి.

కోపంతో అన్న మాట కాదది. ప్రేమతోనే అన్నారు. అందుకే నాకు ఒళ్ళు మండింది. నా పీట, నా గుడ్డ ఉండలు, నేను పూత పెడితే అద్దంలా తేలే చెక్క, అన్నీ ఒక్క మాటతో పోయినట్టే. పోనివ్వదలచుకోలేదు.

"పని పడకపోవడం కాదు మావయ్యా, గాలి పడట్లేదు" అన్నాను.

"ఇన్నేళ్ళుగా మేమంతా ఈ గాలే పీలుస్తున్నాం. మాకేమైంది?"

"మీకూ ఇదే అయింది. మీ గొంతు చూడండి."

"అది మా వంశంలో ఉంది."

"నేను మీ వంశంలో పుట్టలేదు కదా. మరి నాకెలా వచ్చింది? మీ చిన్నబ్బాయి పుట్టాడు. వాడికెలా పోయింది?"

మా ఆయన చిత్రిక పట్టడం ఆపి, ఇద్దరి వంకా చూసి, మళ్ళీ చిత్రిక పట్టడం మొదలుపెట్టారు. కాపురం ఎలా నెగ్గుకురావాలో ఆయనకు బాగా తెలుసు.

అప్పుడే షెడ్డును కొత్తగా చూశాను. చెక్క రుద్దాక పొడిని నోటితో ఉఫ్‌మని ఊదడం మా ఇంటి అలవాటు. మావయ్యకు వాళ్ళ నాన్న అలాగే నేర్పారు. ఊదిన పొడి ఎక్కడికి పోతుంది, ఊదినవాడు తరవాతి ఊపిరి ఎక్కడి నుంచి తీస్తాడు అన్నది ఎవరూ ఆలోచించలేదు. ఇక పాలిష్ గది కిటికీకి మేకులు దిగ్గొట్టి ఉన్నాయి. ఎప్పుడో తడి పాలిష్ మీద వీధి దుమ్ము పడి ఒక మంచి బల్ల పాడైందట. ఆ రోజే మావయ్య కిటికీ మూసేశారు. దుమ్ము రాకపోవడం మాట నిజమే. లోపలి పొడీ, థిన్నర్ ఘాటూ కూడా బయటికి పోలేదు.

అప్పటికి గ్రంథాలయం వాళ్ళ పొడుగాటి చదువుబల్ల పని మా చేతిలో ఉంది. "ఈ బల్ల నా పద్ధతిలో చేస్తాను. కిటికీ తెరిచి పాలిష్ పెడతాను. మీరు చూసినప్పుడు ఒక్క రేణువు తగిలినా మీరు చెప్పినట్టే ఇంట్లో కూర్చుంటాను" అన్నాను. మావయ్య కాసేపు గడ్డం గోక్కున్నారు.

"మాట మీద ఉంటావా?"

"మీ కోడల్ని. ఉంటాను."

మేకులు నేనే పీకాను. రుద్దే పనంతా పెరట్లో చూరు కిందికి మార్చాను, గాలికి వీపు పెట్టి, ముక్కుకు మాస్కు కట్టుకుని. ఊదడం మానేసి పిండిన తడిగుడ్డతో పొడి తుడిచాను. చీపురు తీసేసి నేల తడిబట్టతో ఒత్తించాను. మా ఆయన మొదటిరోజు అలవాటుగా ఉఫ్‌మనబోయి, నన్ను చూసి, ఆ గాలిని మింగేశారు.

ఇంట్లో వైద్యం అత్తయ్య చేతిలోకి తీసుకుంది. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళలో ఉప్పు కలిపి, తల పక్కకు వంచి ఒక ముక్కులో పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. మొదటిసారి నోట్లోంచి, కళ్ళలోంచి, అన్నిటిలోంచీ వచ్చాయి. "మునిగిపోతున్న దానిలా ఏమిటే అది, నోటితో ఊపిరి తియ్యి" అని అత్తయ్య కసిరింది. సాయంత్రం తల మీద తుండు కప్పుకుని ఆవిరి, తరవాత వేడివేడి అల్లం నీళ్ళు, పడుకునేటప్పుడు తలకింద ఇంకో దిండు. డాక్టరమ్మ మందులు కూడా ఒక్కపూట మానలేదు. మెల్లిగా నుదుటి మీది బరువు దిగసాగింది. ఈలోపు ఇంకో సంగతి గమనించాను. ఉప్పు డబ్బా నేను వాడేదానికంటే తొందరగా ఖాళీ అవుతోంది. పొద్దున్నే పెరటి గోడ వెనక ఎవరో బుసబుసమని చీదుతున్నారు. ఎవరని అడగలేదు. మావయ్య చెప్పలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి అనుకుంటుండగా బల్ల నన్ను దెబ్బ కొట్టింది. వీధి దుమ్ము ఆపడానికి కిటికీకి తడిబట్ట కట్టాను. నా తెలివికి నేనే మురిసిపోతూ పూత పెట్టి వచ్చాను. మర్నాడు చూస్తే బల్లంతా తెల్లగా పాలు చల్లినట్టుంది. తడిగాలి తగిలి పాలిష్ తెల్లబడింది. పాలిష్ పెట్టేదాన్ని, నాకు తట్టి ఉండాల్సింది. మావయ్య గుమ్మంలో నిలబడి చూశారు. "దుమ్మయితే పడలేదు" అని మాత్రం అని వెళ్ళిపోయారు. ఆ మాట తిట్టుకంటే ఎక్కువ గుచ్చుకుంది.

"పోనీ కిటికీ మూసి చెయ్యి. నాన్నకి నేను చెప్తాను" అన్నారు మా ఆయన.

"మూసి చేస్తే గెలిచినా ఓడినట్టే" అన్నాను.

పూతంతా తీసేశాను. మళ్ళీ మొదటి నుంచి. ఈసారి కిటికీకి తడిబట్ట కాదు, దగ్గర నేత ఉన్న పొడిబట్ట రెండు మడతలు బిగించి కట్టాను. నేల తడిబట్టతో ఒత్తి, పూర్తిగా ఆరాకే సీసా మూత తీశాను. పల్చటి పూత, ఆరబెట్టు, మళ్ళీ పూత. పని చేస్తున్నంతసేపూ వంగే ఉన్నాను. తల పగల్లేదు. ఊపిరి ముక్కులోంచే వచ్చి పోతోంది. నా జీవితంలో అంత పట్టుదలగా ఏ పనీ చెయ్యలేదు.

బల్ల ఇచ్చే రోజు పొద్దున మావయ్య చేతులు కడుక్కుని వచ్చారు. ఆయన పరీక్ష అరచేత్తో కాదు. అరచెయ్యి కాయలు కాసి మొద్దుబారింది, దాన్ని నమ్మరు. కళ్ళు మూసుకుని, వేళ్ళ వెనకవైపుతో పాలిష్ మీద నిమురుతారు. ఈ చివర నుంచి మొదలుపెట్టారు. అత్తయ్య గరిటెతోనే వచ్చి నిలబడింది. మా ఆయనకు నాకంటే ఎక్కువ చెమట పట్టింది. వేళ్ళు నడిమి దాకా వచ్చాయి, దాటాయి, ఆ చివరకు చేరాయి. ఎక్కడా ఆగలేదు.

తరవాత పాలిష్ పెట్టని అడుగు చెక్క చూడ్డానికి బల్ల కిందికి వంగారు. వంగిన మనిషి పైకి లేవలేదు.

"ఏమైంది?" అంది అత్తయ్య.

"కర్ర వాసన వస్తోంది" అన్నారు మావయ్య, బల్ల కింద నుంచే.

"కర్ర అన్నాక కర్ర వాసనే వస్తుంది."

"నాకు రావడం మానేసి చాలా ఏళ్ళయింది."

అత్తయ్య గరిటె బల్ల మీద పెట్టబోయి, నా ముఖం చూసి, చేతిలోనే ఉంచుకుంది. ఇన్నేళ్ళు ఆయన కర్ర కొనేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తల ఊపి, బేరం చేసేవారు. అందరం ఆ ముక్కును నమ్మాం. కంటితో, చేత్తో పోల్చుకుంటూ నెట్టుకొచ్చారని మాకెవరికీ తెలియదు. మేస్త్రీకి ముక్కు పనిచెయ్యదని ఎవరితో చెప్పుకుంటారు, పాపం. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ క్షణాన కరిగిపోయింది.

ఆయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, నా పనిముట్ల పెట్టెలోంచి మేకులు పీకే పటకారు తీశారు. దాన్ని నా చేతిలో పెట్టారు.

"నేను చెక్కడం చేసే గదికి కూడా కిటికీ ఉంది. బీరువా వెనకాల. నీ గదికి చేసినట్టే దానికీ చెయ్యి" అన్నారు. మా ఆయన వైపు చూసి, "ఎలా చెయ్యాలో నువ్వు చెప్పు. మేమిద్దరం చేస్తాం" అన్నారు.

పటకారు పట్టుకుని, మావయ్యనీ మా ఆయన్నీ వెంటబెట్టుకుని ఆ గదికి నడిచాను. "కాస్త నేల మీద నడువు" అని మా ఆయన వెనక నుంచి గొణిగారు. నడవలేదు.