నిండు పొట్ట

ఎల్బీనగర్‌లో రెండు అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ ప్లాటులో రేకుల షెడ్డు వేసుకుని, ఉన్న ఒక్క బర్రె పాలు అమ్ముకుంటుంది బాలమ్మ. దూడ నోరు కొట్టి చెంబు నింపుకునే మనిషి కాదు. ఒక చన్ను పూర్తిగా దానికే వదిలేసేది. ఈసారి పుట్టింది పెయ్యదూడ. దాని పొట్ట రోజురోజుకూ గుండ్రంగా తేలుతుంటే ఆమె మురిసిపోయింది. కాకి పిల్ల కాకికి ముద్దంటారు గానీ, దిల్‌సుఖ్‌నగర్ నుంచి పాలకొచ్చే సూర్యప్రభ కూడా “ఎంత నిండుగా ఉందండీ!” అని మెచ్చుకుంది.

పుట్టిన వారానికి బాలమ్మ భర్త యెహెజ్కేలు పశువుల దవాఖాన నుంచి కడుపులో పురుగులు చచ్చే నట్టల మందు తెచ్చాడు.

“గిది తాపియ్యాలంట. రెండు వారాలు దాటనియ్యొద్దన్నరు.”

“తల్లిపాలు తప్ప గడ్డిపోచ ముట్టలే అది. దానికి నట్టలెక్కడియి? గీ మందుకు పసి పేగులు మాడిపోవా?”

బాలమ్మ సీసాను రేకు సందులో దోపేసింది. ఆమెతో వాదించి గెలిచిన రోజు యెహెజ్కేలు జన్మలో లేదు.

నెల తిరిగేసరికి పెయ్యకు వెంట్రుక బిరుసెక్కింది. పాలు మానేసింది. బంకమన్ను రంగులో, ముక్కు మూసుకునేంత కంపుతో పారుకుంది. పొట్ట మాత్రం తగ్గలేదు. అప్పుడు బాలమ్మ సీసా తీసి తాపింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

మర్నాడు పొద్దున డాక్టర్ ప్రసన్నకుమార్ వచ్చి పొట్ట నొక్కి చూశాడు.

“ఇది పాలతో నిండిన పొట్ట కాదమ్మా. ఏలికపాములు. పేగులో ఉండ కట్టేశాయి.”

“ఎట్లొచ్చినయ్ సారూ? తల్లిపాలే తాగింది గదా!”

“ఆ పాలతోనే వచ్చాయి. తల్లి ఒంట్లో దాగి ఉంటాయి, ఈనగానే పాలల్లోకి దిగుతాయి. అందుకే గడ్డి ముట్టకముందే మందు పట్టమంటాం.”

సూది వేసి, సెలైన్ ఎక్కించాడు. మధ్యాహ్నానికి పెయ్య బాలమ్మ ఒళ్లో తల పెట్టుకునే ప్రాణం వదిలింది.

సాయంత్రం పాలవేళకు బర్రె ఒకటే అరుపు. పొదుగు రాయిలా ఉంది, చెయ్యి వేస్తే తన్నుతోంది. పక్క షెడ్డు సైదులు తొంగిచూశాడు.

“పెయ్య తోలు తీసి గడ్డి కూరి ముందట నిలబెట్టక్కా, బిడ్డే అనుకొని పాలు సేపుతది.”

“ఒద్దు తమ్మీ. గిప్పుడు దాన్ని మోసం జెయ్యాల్నా?”

మున్సిపాలిటీ వాళ్లు పెయ్యను బండిలో తీసుకుపోయారు. బాలమ్మ చెంబు కూడా తేకుండా పోయి బర్రె ముందు చతికిలబడింది. బర్రె మెడ దించి ఆమె ఒడిలో చీరను వాసన చూసింది. చూసి, నాకడం మొదలుపెట్టింది. ఒడి, చేతులు, మెడ, ఈనిన రోజు బిడ్డను నాకినట్టు నాకుతూనే చేపింది.

“నీ బిడ్డను సంపింది నేనేనే,” అని బాలమ్మ భోరుమంది. “నాకెందుకిస్తవే పాలు?”

చన్నుల్లోకి పాలు నిండుగా దిగాయి. ఒక్క చుక్క పిండడానికి ఆమెకు చేతులు రాలేదు.