గురువారం నా వంతు

మా కొండ మీది వంటశాలలో నా గిన్నె ఒక్కదానికే ఎర్ర ఊలుదారం కట్టారు. టీబీ గాలిలో వస్తుందని ఆరోగ్యకేంద్రం గోడ మీద రాసే ఉంది. మా ఆడవాళ్ళు మాత్రం గిన్నెనూ చెంచానూ పట్టుకుని వేలాడారు. పదిహేను ఇళ్ళవాళ్ళం వంతులవారీగా వండుకుని తినే చోటది. గురువారం నాది. జబ్బు తేలిన రోజే నా వంతు తీసేశారు. అప్పట్నుంచి తిండి నా గుమ్మం ముందు పెట్టి, తలుపు తట్టి, నేను తీసేలోగా మాయమయ్యేవారు.

నాలుగు నెలలు మాత్రలు మింగాను. రెండో నెలకే కఫంలో క్రిమి లేదన్నారు. ఒళ్ళు కోలుకుంటుంటే మనసు కుంగిపోయింది. తల దువ్వుకోవడం మానేశాను. తిండి సయించలేదు. లిమా నగరపు చలికాలం తుంపర ఇంటి రేకుల మీద పడుతుంటే గోడవైపు తిరిగి పడుకునేదాన్ని. చివరికి మాత్రలకు ఆరోగ్యకేంద్రానికి వెళ్ళడమూ మానేశాను.

ఆరో రోజు నర్సు యొవానా మెట్లన్నీ ఎక్కి రొప్పుతూ వచ్చింది.

“బతికే ఉన్నావా నెలిదా? ఈ మెట్లెక్కేసరికి నాకే టీబీ వచ్చినట్టుంది తల్లీ!”

నాకు నవ్వు రాలేదు. ఆమె వచ్చి నా మంచం మీదే కూర్చుంది. నాలుగు నెలల్లో అలా కూర్చున్న మొదటి మనిషి ఆమే.

“చచ్చిపోదామనిపిస్తోందా?” సూటిగా అడిగింది.

“అనిపిస్తోంది.”

“ఇదీ జబ్బే. సిగ్గుపడకు. టీబీ వచ్చినోళ్ళలో చాలామందికి వస్తుంది, అందులోనూ నీలా వెలివేసినోళ్ళకి. దీనికీ మందుంది, కూర్చోబెట్టి మాట్లాడే డాక్టరమ్మ ఉంది. మాత్రలు ఆపావో, ఆ టీబీ పురుగు మందుకి లొంగకుండా మొండికేస్తుంది. అసలు నిన్నేది తినేస్తోంది, చెప్పు?”

“నా గురువారం లాగేసుకున్నారు.”

ఆ మాట అనేసరికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే గెలిచింది. ఆమె చేతిలోంచే మాత్రలు తీసుకుని మింగాను. మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను.

గురువారం పొద్దున్నే వంటశాలకు దిగాను. వంటశాల పెద్ద ఫొర్చునాతా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“ఎందుకొచ్చావే? వెళ్ళి పడుకో. నీ మంచికే చెప్తున్నా.”

“నాలుగు నెలలుగా నా మంచికే చెప్తున్నావు వదినా. నీ మంచి తగిలి చావబోయాను. జరుగు.”

“నువ్వు వండితే ఎవరు తింటారే?”

“తిననోళ్ళు పస్తుంటారు.”

నా గిన్నెకున్న ఎర్ర దారం తెంపి పొయ్యిలో వేశాను. బంగాళాదుంపలు చెక్కు తీశాను, పప్పు ఉడికించాను. ఆవిడ మూల నిలబడి గొణిగింది గానీ నా చేతిలోంచి కత్తి లాక్కోలేదు.

మధ్యాహ్నం వరుస కట్టారు. ఒక్కరూ పళ్ళెం చాపలేదు. అబద్ధమెందుకు, పారిపోయి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకుందామనిపించింది.

“నాకు టీబీ. మందు మింగుతున్నా. కఫం శుభ్రంగా ఉంది. పప్పు వేడిగా ఉంది,” అని గట్టిగా అన్నాను.

వరుస వెనకనుంచి ముసలి సతుర్నీనా తోసుకొచ్చింది.

“జరగండమ్మా, ఆకలి చంపేస్తోంది! ఫొర్చునాతా వంట తినే బతికినోళ్ళం, దీని పప్పుకి చస్తామా?”

కొందరు నవ్వారు. ఆరిళ్ళవాళ్ళు పెట్టించుకున్నారు. తక్కినవాళ్ళు ఖాళీ పళ్ళేలతో వెళ్ళిపోయారు.

ఫొర్చునాతా అండాలోకి తొంగిచూసింది. “సగం పైనే మిగిలింది. ఇప్పుడేం చేస్తావు?”

“మూత పెట్టు వదినా, ఆకలేస్తే వాళ్ళే వస్తారు. రాకపోతే వచ్చే గురువారం తక్కువ వండుతా. వండేది మాత్రం నేనే.”