మామా అన్న పిలుపు

ఏ పిల్లాడైనా మొదట అమ్మా అంటాడు. ఏడాదిన్నర వయసున్న మా దుర్గాసాయి మాత్రం మామా అన్నాడు.

ఆ రోజు నుంచీ మా అన్నయ్య చంద్రరావును చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. మా ఎదురింట్లోనే ఉంటాడు, రావులపాలెంలో సెల్‌ఫోన్ల షాపు. నేనేమో పొద్దస్తమానం పొయ్యి ముందు కూర్చుని పూతరేకులకు రేకులు తీస్తాను. కుండ కాలుతుంటే చెయ్యి ఖాళీ ఉండదు. పిల్లాడు పొయ్యి దగ్గరికి రాకుండా అన్నయ్యే పాత ఫోనొకటి తెచ్చి, ఇంగ్లీషు పాటల వీడియోలు పెట్టాడు.

"ఇప్పట్నుంచే చెవిలో పడితే ఇంగ్లీషు దానంతటదే వచ్చేస్తుందే పావనీ" అన్నాడు.

మోసి కన్నది నేను. ఫోనిచ్చిన పుణ్యానికి తొలి పిలుపు తనకా? అన్నయ్య మీసం దువ్వుకుంటూ వీధంతా చెప్పుకున్నాడు కూడాను.

రోజుకు పదిసార్లు వాడు నా కొంగు పట్టుకుని "మామా, మామా" అనేవాడు. పిండిలో ముంచిన గుడ్డ కుండ మీద లాగుతూ, తల తిప్పకుండానే "మామ లేడు, పో" అనేదాన్ని. అన్నయ్య ఇంట్లో ఉన్న పూట తీసుకెళ్ళి ఒళ్ళో పడేసేదాన్ని. అక్కడ వాడు గుక్కపట్టి ఏడ్చేవాడు. ఏడవనీ అనుకునేదాన్ని.

నిన్న పని తొందరగా అయిపోయింది. వాడి పక్కన కూర్చుని మొదటిసారి ఆ వీడియో చూశాను. గౌను వేసుకున్న బొమ్మ ఒకామె చంటిపిల్లను గుండెలకు హత్తుకుని ఊగుతోంది. వెనక పాట, మామా, మామా అని.

అన్నయ్యను కేకేశాను. "ఈవిడెవరు?"

"అమ్మే. ఆ దేశాల్లో అమ్మని మామా అంటారంట" అన్నాడు. మీసం మీది చెయ్యి కిందికి దిగింది.

మాకు మమ్మీ తెలుసు, మామా తెలీదు. ఇన్నాళ్ళూ వాడు పిలిచింది నన్నే.

చేతికంటిన పిండి కడుక్కోకుండానే వాణ్ణి నా ముందు నిలబెట్టుకున్నాను. "నాన్నా, మామా ఏదిరా? మామా ఏదీ?"

వేలు నా వైపు చూపిస్తాడని ఆశ. వాడు నా మొహంలోకి చూశాడు. రెండు అరచేతులూ తిప్పి, అచ్చం నాలాగే అన్నాడు.

"మామా లేడు, పో."

వాడికొచ్చిన మొదటి తెలుగు అదే. నేర్పింది నేనే.