కోల్డ్ స్టోరేజీలో బొగ్గు బాయిలర్

ఏడాది పొడుగునా చెమటలు కారే సింగపూర్‌లో ఇల్లు వెచ్చబెట్టుకునే బొగ్గు బాయిలర్‌తో ఎవరికేం పని అని మీరు అడగవచ్చు. నేనూ అడిగాను. అడిగింది మా ఆయన్నే. ఎదురుగా ఉంటే ‘ఏవండీ’ అని పిలిచే ఆ మనిషి పేరు కృష్ణచైతన్య. కాగితం మీద పేరు పెట్టి రాస్తే తప్పు పట్టేవాళ్ళెవరూ లేరు కనక ఇక్కడ చైతన్య అనే అంటాను.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తెల్లమొహం వేస్తాయని బ్యాంకులు హడలిపోతున్న రోజుల్లో చైతన్య సింగపూర్ వచ్చాడు. అప్పట్లో మా తెనాలిలో కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాడి చేతిలోనూ పాస్‌పోర్టు ఉండేది. రెండువేలు వచ్చింది. కంప్యూటర్లకు ఏమీ కాలేదు, చైతన్యకు మాత్రం పని లేకుండా పోయింది. ఉద్యోగం పోతే ఎంప్లాయ్‌మెంట్ పాస్ పోతుంది. పాస్ పోతే మూటాముల్లే సర్దుకుని దేశం విడిచి వెళ్ళాలి. ఆ పాస్‌ను పట్టుకుని వేలాడేది నా డిపెండెంట్ పాస్. దాని మీద ఉన్నవాళ్ళు ఊరికే వెళ్ళి ఉద్యోగంలో చేరడానికి లేదు. ఎం.కాం. చదివిన నేను హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుని, కింద కార్‌పార్కులోకి వచ్చిపోయే కార్లను చూస్తూ పొద్దుపుచ్చేదాన్ని. ఓనరమ్మ వంటిల్లు ఖాళీ చేశాకే నా వంట. నా జీవితంలో అంత ఒళ్ళుమండిన రోజులు వేరే లేవు.

అప్పుడు మమ్మల్ని ఒడ్డున పడేసింది మధుసూదనరావు అంకుల్. ఎప్పుడో షిప్‌యార్డులో పనికి వచ్చి, ఇక్కడే పాతుకుపోయి, చిన్న వర్క్‌షాపు పెట్టుకున్న మనిషి. యంత్రాలను అదుపులో పెట్టే కంట్రోల్ పెట్టెలు తయారు చేసేవాడు. చైనా ఉత్తరాన, నదులు గడ్డకట్టే ఊళ్ళలో ప్రతి ఇంట్లోనూ చిన్న బొగ్గు బాయిలర్ ఉంటుందట. బొగ్గు మండితే నీళ్ళు కాగుతాయి, ఆ నీళ్ళు గొట్టాల్లో ఇల్లంతా తిరుగుతాయి, గోడలకు ఆనించిన ఇనప రేడియేటర్లు వేడెక్కి గదులు వెచ్చబడతాయి. దాన్ని కంప్యూటర్ చిప్‌తో నడిపించే పెట్టె కావాలని అక్కడి కంపెనీ ఒకటి అంకుల్‌ను అడిగింది. ఆ చిప్‌కు బుర్ర పెట్టే ఉద్యోగం చైతన్యకిచ్చి, పాస్ నిలబెట్టాడు అంకుల్. ఐటీ అని చెప్పుకుని వచ్చిన మనిషి చొక్కా నిండా బొగ్గు మసితో ఇంటికొచ్చేవాడు.

చలి లేని ఊళ్ళో చలి కావాలి కదా. చేపలు దాచే కోల్డ్ స్టోరేజీలో ఖాళీగా పడి ఉన్న పెద్ద గది ఒకటి అంకుల్ అద్దెకు తీసుకున్నాడు. అందులో ఇటుకలు, చెక్కలతో ఒక చిన్న ఇల్లు కట్టించాడు. ఒక పడకగది, ఒక వంటిల్లు, వంటింట్లో బాయిలర్, బయటికి పొగగొట్టం. చైతన్య కంప్యూటర్ పెట్టుకున్న ముందు గదిలోంచి ఇంట్లోకి కనపడేటట్టు గోడలో బిగించిన ఒక అద్దం.

చైనా కంపెనీవాళ్ళు ఒక షరతు పెట్టారు. పెట్టెను ఇంజనీర్లు కాదు, మామూలు ఇల్లాలు నడిపి చూపించాలట. ఒక ఆదివారం అంకుల్ మా గదికి వచ్చాడు. తిండిని మకాన్ అనడం, మాట చివర ‘లా’ తగిలించడం ఆయనకు సింగపూర్ నేర్పిన అలవాటు.

"మకాన్ అయిందా అమ్మా? నీతో చిన్న పని పడింది. రోజూ వచ్చి ఆ ఇంట్లో కూర్చోవాలి, అంతే. బొగ్గు వెయ్యి, బటన్లు నొక్కు, పుస్తకం చదువుకో. బయటివాళ్ళను పెడితే పర్మిట్ అనీ అదనీ ఇదనీ తలనొప్పి లా. నువ్వు మా ఇంటి పిల్లవే కదా."

చైతన్య నావైపు చూడకుండానే "వస్తుందండీ అంకుల్" అన్నాడు. అంకుల్ అని పిలిచినందుకు మేం కట్టిన కప్పం అది. అయినా ఆ గదిలోంచి బయటపడతానన్న ఆశతో నేనూ తలూపాను.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళానని మొదటిరోజే అర్థమైంది. ఎవరో పనివాడు విడిచిన, చేపల వాసన కొట్టే కోటు తొడుక్కుని ఆ బొమ్మరింట్లో కూర్చునేదాన్ని. అయితే పని మాత్రం నాకు నచ్చింది. మొదట్లో వంటింటి రేడియేటర్ కాలిపోయేది, పడకగదిలోది చల్లగా పడి ఉండేది. గొట్టంలో గాలి బుడగ చిక్కుకుందని చైతన్య కనిపెట్టాడు. రేడియేటర్ పైనున్న చిన్న మరను తిప్పితే గాలి బుస్సుమని పోయి, వెనకాలే నీళ్ళు చిమ్మేవి. ఆ తర్వాత గొట్టాల వాలు సరిచేశారు, నీళ్ళు తిప్పడానికి పంపు పెట్టారు, బొగ్గు కింద గాలి ఊదే ఫ్యాను పెట్టారు. నీళ్ళు చల్లబడితే ఫ్యాను తనే తిరిగేది, కాగితే తనే ఆగేది. చెయ్యి ఆనిస్తే వెచ్చగా తగిలే ఆ ఇనుము నాకు నిజంగా ముద్దొచ్చేది.

ఒక్కటే చిక్కు. బొగ్గు విపరీతంగా తినేస్తోంది. రాత్రంతా మనిషి లేచి బొగ్గు వెయ్యక్కర్లేకుండా ఉండాలని అవతలివాళ్ళు పట్టుబట్టారు. అప్పుడు చైతన్యకు వాళ్ళమ్మ గుర్తొచ్చింది. తెనాలిలో వాళ్ళింటి పెరట్లో రాగి బాయిలర్ ఉండేది. అందరి స్నానాలూ అయ్యాక మా అత్తగారు నిప్పుల మీద నివురు కప్పి, పైన మూత పెట్టేసేది. ఎంత ఆలస్యంగా వచ్చినవాడికైనా వేణ్ణీళ్ళు ఉండేవి.

"అదే చేద్దాం నిఖిలా. నిప్పు మీద బూడిద పడేటట్టు చేసి, కింద గాలి ఆపేసి, పొగగొట్టంలో రేకు ముప్పాతిక మూసేస్తా. నైట్ మోడ్ అని పేరు పెడదాం. మా అమ్మకు పేటెంట్ ఇవ్వాలి" అన్నాడు. చాలాకాలానికి ఆ మొహంలో నవ్వు చూశాను. నైట్ మోడ్ బ్రహ్మాండంగా పనిచేసింది. బొగ్గు సగానికి సగం మిగిలింది.

అది చూడటానికి చైనా నుంచి గావ్ అనే ఇంజనీరు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువ మనిషి. ఆయన ఇంగ్లీషు అంతంతమాత్రం, అంకుల్ చైనీస్ అంతకంటే అంతంతమాత్రం. ఆయన ఇంట్లోకి వచ్చి అంతా చూసి, కిటికీ దగ్గర ఆగిపోయాడు. కంప్యూటర్ వైర్లన్నీ ఆ కిటికీ సందులోంచే వచ్చేవి. అన్ని నెలలూ అది ఓరగా తెరిచే ఉంది. మాలో ఒక్కరికీ అది తప్పుగా తోచలేదు. కిటికీ తెరిచి ఉండటం కూడా ఒక విషయమా మనకి.

గావ్ తల అడ్డంగా ఊపాడు. వాళ్ళ ఊళ్ళో చలికాలం రాకముందే మైదాపిండి ఉడికించి, కాగితం పట్టీలతో కిటికీ సందులన్నీ అంటించేస్తారట. మళ్ళీ వసంతం వస్తేనే తియ్యడం. ఆయనే కోటు విప్పి, మా ఇంటి సందులన్నీ అంటించాడు. వైర్లకు గోడలో చిల్లు పెట్టి దాన్నీ మైనంతో మూశాడు. నేను లోపలికి వెళ్ళాక తలుపు చుట్టూ లోపలినుంచి నన్నే అంటించుకోమన్నారు.

"నేను చెప్పిందాకా తలుపు తియ్యకమ్మా" అన్నాడు అంకుల్. "చల్లగాలి లోపలికి వచ్చిందంటే టెస్ట్ మళ్ళీ మొదటికొస్తుంది. ఆయన రేపు ఫ్లైట్ ఎక్కేస్తాడు. ఇవాళ కాకపోతే ఆర్డరు లేదు, ఆర్డరు లేకపోతే మీ పాస్‌లు నేను నిలబెట్టలేను."

మధ్యాహ్నం భోజనాలయ్యాక నైట్ మోడ్ నొక్కాను. మొదట్లో హాయిగా ఉంది. కోటు విప్పేశాను కూడా. మంచం మీద పత్రిక తెరుచుకుని కూర్చున్నాను. కాసేపటికి తలనొప్పి మొదలైంది. కాఫీ పడలేదు కదా అనుకున్నాను. పత్రికలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. లేవబోయి మళ్ళీ మంచం మీదే కూలబడ్డాను.

మా అక్క పురిటిగదిలో కుంపటి పెట్టినప్పుడు మా అమ్మమ్మ తలుపు ఎప్పుడూ పూర్తిగా వెయ్యనిచ్చేది కాదు. బొగ్గుల గాలి మనిషిని నిద్రలోనే పట్టుకుపోతుందే అనేది. చాదస్తం అనుకునేదాన్ని. అత్తగారి బాయిలర్ పెరట్లో, ఆకాశం కింద ఉండేది. ఇది పట్టీలు అంటించిన పెట్టె. వంటింట్లో నివురు కింద నిప్పులు ఎర్రగా, బుద్ధిగా ఉన్నాయి. పొగ లేదు, వాసన లేదు.

తలుపు నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. తాళం లేదు, గడి లేదు, ఉన్నదల్లా మైదాపిండితో అంటించిన కాగితం. అయినా నేను దాని దగ్గరికి పోలేదు. పాస్ పోతుంది, తెనాలి వెళ్ళాలి, ఇంకొంచెంసేపు ఓర్చుకుంటే సరిపోతుందేమో అని లెక్క వేస్తూ కూర్చున్నాను. తర్వాత గోడ పట్టుకుని అద్దం దగ్గరికి వెళ్ళి కొట్టాను.

అవతల చైతన్య స్క్రీన్ ముందు ఉన్నాడు. వెనక అంకుల్, గావ్ బల్ల మీద కాగితాలు చూసుకుంటున్నారు. చైతన్య తల ఎత్తాడు. మళ్ళీ కొట్టాను. అరచెయ్యి ఎత్తి, ఆగు అన్నట్టు చూపించి, స్క్రీన్ వైపు తిరిగిపోయాడు.

ఆ చెయ్యి చూసేసరికి నాకు కోపం నషాళానికి అంటింది. నన్ను తలుపు దాకా నడిపించింది ఆ కోపమే. కాగితం చింపడానికి వేళ్ళలో బలం లేదు. ఒళ్ళంతా తలుపుకేసి వాల్చాను. తలుపుతోపాటు నేనూ బయటపడ్డాను. చల్లగాలి మొహాన కొట్టింది.

ముందు పరిగెత్తుకొచ్చింది గావ్. నా మొహం చూసి ఏదో కేకవేసి, చంకల కింద చేతులు వేసి, కోల్డ్ స్టోరేజీ బయట లారీలు ఆగే అరుగు మీదికి లాక్కుపోయాడు. ఎండలో పడుకుని నేను వాంతి చేసుకున్నాను. సింగపూర్ ఎండ అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు. ఆయన నా పక్కనే కూర్చుని చేతులు రుద్దుతూ మెల్లగా ఏదో చెబుతున్నాడు.

"వాళ్ళ ఊళ్ళో చలికాలం ప్రతి ఏడూ ఇలా పోతారంట" అన్నాడు అంకుల్. "ఆయన చెల్లెలు కూడా అంట."

నా ఒళ్ళు కుదుటపడ్డాక గావ్ నిలబడి చెప్పేశాడు. నైట్ మోడ్‌లో పొగగొట్టం మూసుకుంటుందని తనకెవరూ చెప్పలేదు, దాన్ని తీసెయ్యాలి. బయటి గాలి వచ్చేటట్టు గోడకు గొట్టం పెట్టాలి. గ్యాసు చేరితే మోగే గంట ఒకటి బిగించాలి. అవి పెడితే పెట్టె తీసుకుంటాం, టెస్ట్ చూడటానికి ఇంకో వారం ఉంటాను. అంతే. తలుపు తీసినందుకు ఏమీ పోలేదు. అంకుల్ ఆయన చేతులు రెండూ పట్టేసుకున్నాడు.

సాయంత్రం బస్సులో పైఅంతస్తులో కూర్చున్నాం. చైతన్యే మొదలెట్టాడు.

"వచ్చేవారం మళ్ళీ టెస్ట్. నువ్వే కూర్చోవాలన్నారు అంకుల్. సరేనన్నాను."

"నన్నడగకుండానా?"

"ఇంకెవరున్నారు నిఖిలా మనకి."

"ఈసారి లోపల మీరు కూర్చోండి. స్క్రీన్ నేను చూస్తాను. మీరు అద్దం కొడితే నేను చెయ్యెత్తుతాను."

మేం దిగాల్సిన స్టాపు వచ్చింది, పోయింది. ఇద్దరం లేవలేదు.

"నీకు విసుగొచ్చి పిలుస్తున్నావేమో అనుకున్నానని చెబుదామనుకున్నా" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మధ్యాహ్నం నుంచీ ఆ మాటే తయారు చేసుకుంటున్నా. కాదు. నీ మొహం చూశా. ఏదో అయిందని తెలిసింది. పాస్ గుర్తొచ్చింది. ఇంకొంచెంసేపే కదా అనుకున్నా."

అబద్ధమే చెప్పి ఉంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. లోపల కూర్చుని నేను వేసుకున్న లెక్కా అదే. అయితే నేను వేసుకున్నది నా ప్రాణం మీద. ఆయన వేసిందీ నా ప్రాణం మీదే.

రెండో టెస్ట్‌కు లోపల చైతన్యే కూర్చున్నాడు. గొట్టంలోంచి గాలి వస్తోంది, గంట గోడకు వేలాడుతోంది. భయపడాల్సింది ఏమీ లేదని గావ్ నాకు మళ్ళీమళ్ళీ చెప్పాడు. అయినా నేను స్క్రీన్ దగ్గర కూర్చోలేదు. తలుపు పక్కన నిలబడి, మధ్యాహ్నమంతా దాని పిడి మీద చెయ్యి వేసే ఉంచాను. చైతన్య ఒక్కసారి కూడా అద్దం కొట్టలేదు.

ఆర్డరు వచ్చింది. మా ఇద్దరి పాస్‌లూ ఇంకో రెండేళ్ళకు పొడిగించారు. చైతన్య పాస్‌పోర్టులో ముద్ర తెరిచి నాకు చూపించి, నా మొహంలోకి చూశాడు. నేను నవ్వాను. రెండేళ్ళపాటు రోజూ రాత్రి ఆ అద్దె గదిలో, తలుపు వేసుకుని, ఆ మనిషి పక్కనే నిద్రపోవాలి కదా అనుకున్నాను.