భార్య పేరు తప్పనిసరి

“ఆమె ఏం జెయ్యది సార్. ఇంట్లనే ఉంటది.”

మెట్‌పల్లి బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసరు ముందు కూచుని సంపత్ ఈ మాట అన్నప్పుడు అతని పెండ్లాం జమున పక్క కుర్చీలోనే ఉంది. ఉలిక్కిపడలేదు. పద్నాలుగేండ్లుగా వింటున్న మాటకు ఎవరూ ఉలిక్కిపడరు. చేతులను మాత్రం కొంగు కిందికి లాక్కుంది. కుడిచేతి బొటనవేలి గోరు అరిగి సగమైంది. వేళ్ల సందుల్లో దిగిన తంబాకు పసుపు సబ్బుకు లొంగడం మానేసి చాలా కాలమైంది. ఏమీ చేయని మనిషి చేతులు ఇట్లా ఉంటాయా అని ఆ ఆఫీసరు అడుగుతాడేమోనని ఆమెకు సిగ్గేసింది. చూడండి మరి, అబద్ధమాడింది మొగుడు, సిగ్గుపడింది పెండ్లాం.

ఈ ఏమీ చేయని మనిషి పద్నాలుగేండ్లలో చేసిన బీడీలను ఒకదాని మూతికి ఒకటి ఆనించి పేర్చుకుంటూ పోతే, ఆ వరస మెట్‌పల్లిలో బయల్దేరి కొండగట్టు దాకా పోయి, గుట్టెక్కి, అంజన్న గుడి చుట్టూ మూడుసార్లు తిరిగి, దిగి, మళ్లీ మెట్‌పల్లికొచ్చి, బ్యాంకు మేనేజరు చెవి సందున పెట్టుకోవడానికి ఒకటి మిగులుతుంది. అదీ వంట, అంట్లు, ఇద్దరు పిల్లల బడి, అత్త మోకాళ్లకు నూనె మర్దన, వీటన్నిటి మధ్య దొరికిన సందుల్లో. సందుల్లో చేసింది పనెట్లా అవుతుందని సంపత్ ఉద్దేశం.

ఆఫీసరు పేరు శ్యాంసుందర్. కొత్తగా బదిలీ మీద వచ్చాడు కాబట్టి, ప్రతి ముక్కనూ రెండుసార్లు చెప్పే ఓపిక ఇంకా అయిపోలేదు. ఇది సర్కారు పూచీ ఉన్న ఇంటి లోను అని చెప్పాడు. జీతం చీటీలు లేనివాళ్ల కోసం పెట్టింది. జమానతుకు మనిషిని వెతుక్కోనక్కర్లేదు, ఆ పూచీ సర్కారే పడుతుంది.

“అంటే కిస్తీలు కట్టకున్నా సర్కారే కడ్తదా సార్?” సంపత్ ముందుకు వంగాడు.

“ఆ పూచీ బ్యాంకుకు, మీకు కాదు. మీరు కట్టకపోతే ఇల్లు పోతది.”

సంపత్ వెనక్కి ఒరిగాడు.

తర్వాత షరతులు. ఏడాది సంపాదన ఇంతలోపే ఉండాలి. కుటుంబంలో ఎవరికీ దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అట్లాంటి ప్రమాదం సంపత్ వంశంలో మూడు తరాలుగా లేదు. మూడో షరతు దగ్గర ఆఫీసరు కాగితాన్ని ఇటు తిప్పి వేలు పెట్టి చూపించాడు. కొనే ఇల్లు భార్య పేరు మీద ఉండాలి. ఒక్కదాని పేరు మీదైనా సరే, భర్తతో కలిపైనా సరే. భార్య పేరు తప్పనిసరి.

“మా అవ్వ పేరు పెడ్త సార్,” అన్నాడు సంపత్ వెంటనే. “ఆమె గూడ ఆడామెనే గద. బీడీ కార్డున్నది, పీఎఫ్ ఉన్నది.”

“ఈ కాయితంల కుటుంబమంటే భర్త, భార్య, పెండ్లి కాని పిల్లలు. మీ అమ్మగారు వేరే కుటుంబం.”

“మా అవ్వ నాకు వేరే కుటుంబమా!”

“ఇంట్ల మీ ఇష్టం. కాయితంల మాత్రం ఇంతే.”

జమునకు నవ్వొచ్చింది. పెదవుల లోపలే తొక్కిపెట్టింది. పెండ్లయి వచ్చిన నాటి నుంచి ఆ ఇంట్లో కుటుంబమంటే అత్త లస్మవ్వ, ఆమె కొడుకు. పిల్లలు పుట్టాక పిల్లలు కూడా చేరారు. జమున మాత్రం “ఎంతైనా మంది బిడ్డ”, పరాయి ఇంటి పిల్ల. పండుగకు చీరలు కొన్నా, జ్వరమొచ్చి దవాఖానకు పోవాల్సి వచ్చినా ఆ మాటే అడ్డం తగిలేది. ఎక్కడో ఢిల్లీలో, జమున ముఖం ఎన్నడూ చూడని ఎవరో గుమాస్తా, కూచుని ఒక్క వాక్యం రాసి లస్మవ్వను బయట నిలబెట్టి జమునను లోపల కూచోబెట్టాడు. ఆ గుమాస్తాకు ఒక పూట కడుపునిండా అన్నం పెట్టాలనిపించింది ఆమెకు.

సంపత్‌కు రెండో దెబ్బ కూడా తగిలింది. అతని ట్రాలీ ఆటో సంపాదన ఒక్కటే చూస్తే అడిగినంత లోను రాదు. భార్య సంపాదన కలపాలి.

“ఆమె ఏం జెయ్యదన్నరు గద?” అన్నాడు ఆఫీసరు.

“అంటే… చేస్తది సార్.” సంపత్ మెడ గోక్కున్నాడు. బీడీలని చెబితే కార్డేదని అడుగుతారు. కార్డు అవ్వది. కార్డు ఒకరిది, చేసేది ఇంకొకరని బయటపడితే అవ్వ బీడీ పింఛను పోతుందని భయం. “బట్టలు కుడ్తది. మిషినున్నది,” అనేశాడు.

“కాయితాలు లేని సంపాదనను మేము ఇంటికొచ్చి చూస్తం. గురువారం వస్త. చూసింది రాస్త.”

జన్మలో సూదిలోకి దారమెక్కించి రవికె చంకైనా కుట్టుకోని జమున, మొగుడి నోటి మహిమతో ఆ పూట దర్జీ అయిపోయి బ్యాంకు మెట్లు దిగింది.

సంగతి విన్న లస్మవ్వ ఇంట్లో చాపను కాలితో తన్నింది. “నా కొడుకు రెక్కలు ముక్కలు చేసుకొని ఇల్లు కొంటుంటె మంది బిడ్డ పేరా? పేరెక్కంగనే తల్లిగారింటికి గుంజుకపోతది. ఇండ్లను సుత గుంజుకపోతరురా గీళ్లు!”

“ఏం జెయ్యమంటవే అవ్వా? ఇల్లమ్మేటాయనకు బయానా పైసలిచ్చిన్నాయె. ఈ నెలల లోను రాకుంటె గా పైసలు పాయె.”

“అయితె పేరు పెట్టు. పెట్టి తీసెయ్యి.”

అప్పటికప్పుడు పథకం తయారైంది. ఇద్దరి పేర్ల మీద ఇల్లు రిజిస్ట్రీ చేయించడం, అది కాగానే జమున తన పాలు మొగుడికి రాసిచ్చేయడం. ఆ రాసిచ్చే సంతకమేదో ముందే చేయించి పెట్టుకుంటే నిమ్మళమని, సంపత్ సాయంత్రానికల్లా ఖాళీ స్టాంపు కాగితం తెచ్చి ఆమె ఒళ్లో బీడీల చాట పక్కన పెట్టాడు.

“ఉత్త సంతకమే. పెట్టు.”

“చేతులకు తంబాకున్నది. కాయితం ఖరాబైతది,” అంది జమున.

“నమ్మకం లేదా నా మీద?”

ఆమె తునికాకును కత్తిరిస్తూ ఉండిపోయింది. నమ్మకం అనే మాట ఆ ఇంట్లో ఆమెకు కొత్త కాదు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఏడు బీడీ కంపెనీలో తన పేరున కార్డు అడుగుదామంటే లస్మవ్వ ఇట్లాగే, ఇంకా తియ్యగా చెప్పింది. “కొత్త కార్డులు ఇస్తలేరు బిడ్డా. నా కార్డు మీద చెయ్యి. చేతులు నీయైతేంది, నాయైతేంది?” ఆనాటి నుంచి చేతులు జమునవి, తక్కినవన్నీ లస్మవ్వవి. కూలి, బోనసు, పీఎఫ్, చివరికి పింఛను కూడా. మూడేండ్ల కింద కొత్త కార్డులిస్తున్నారని తెలిసి అడిగితే, “ఇంటికొక్కటి చాలదా? నీకేం తక్కువైంది, కూసుండి తింటున్నవు,” అన్నాడు సంపత్. కూచున్న మాట నిజమే. పద్నాలుగేండ్లుగా కూచునే ఉంది, చాట ముందు, నడుం వంకరపోయేలా. బాపు చనిపోయినప్పుడు తల్లిగారింటికి పోతుంటే లస్మవ్వ సంచిలో ఆకు, తంబాకు సర్ది ఇచ్చింది, నాగా పడితే కార్డు పోతుందని. బంధువులంతా ఏడుస్తుంటే జమున ఒక మూల బీడీలు చేస్తూ ఏడ్చింది. తంబాకు చేత్తో కండ్లు తుడుచుకోవడానికి కూడా లేదు, మండుతాయి. పదకొండు దినాలయ్యాక తిరిగొస్తే, గడప దాటకముందే కట్టలు తక్కువొచ్చాయని ముఖం ముడుచుకుంది లస్మవ్వ. కోడలి తండ్రి పోయిన మాట ఆమెకు మర్నాడు గుర్తొచ్చింది.

“గురువారం ఆ బ్యాంకాయన అటు పోంగనే ఇటు సంతకం పెట్టాలె,” అంది లస్మవ్వ స్టాంపు కాగితాన్ని పెట్టెలో దాచుతూ. “లేకుంటె నా ఇంట్ల నీకు జాగ లేదు.”

అది హనుమంతు అనే ఆయన రెండు గదుల కిరాయిల్లు. కోడలిని వెళ్లగొట్టేటప్పుడు మాత్రం అది లస్మవ్వ సొంతిల్లవుతుంది.

గురువారం పొద్దున్నే సంపత్ రెండిండ్ల అవతలుండే రామవ్వ కుట్టుమిషినును అడిగి తెచ్చాడు. రెండిండ్ల దూరానికి కూడా తన ట్రాలీ ఆటో తీశాడు, నలుగురూ చూస్తే నిజమనుకుంటారని. చూసిన నలుగురికీ అది రామవ్వ మిషినని తెలుసు. జమునను మిషిను ముందు కూచోబెట్టి చేతికొక గుడ్డముక్క ఇచ్చాడు. ఆఫీసరు చాట చూసి ఇదెవరిదంటే జవాబుండాలని లస్మవ్వ గోడకానుకుని, కార్డును కనబడేలా పక్కన పెట్టుకుని, చాట ఒళ్లోకి తీసుకుంది. పద్నాలుగేండ్ల తర్వాత.

జమున ఆ చాట వంక చూసింది. దాని అంచు ఒకచోట చిట్లితే తనే దారంతో కుట్టుకుంది. అవును, కుట్టుపని ఆ ఒక్కటే వచ్చు. ఇన్నాళ్లూ తన పని డబ్బే పోయిందనుకుంది. ఇవాళ పనినే తీసి ఇంకొకరి ఒళ్లో పెట్టి, తనకు రాని పని ముందు తనను కూచోబెట్టారు. రేపు సర్కారు కాగితంలోకి జమున అనే మనిషి ఎక్కుతుంది కానీ, ఆ మనిషి ఈమె కాదు. ఆ మనిషి చేత సంతకం పెట్టించడం, పేరు తీసేయడం ఎంత సులువు!

శ్యాంసుందర్ వచ్చాడు. చాయ్ వద్దన్నాడు. “కానీయమ్మా, మీ పని మీరు చేసుకోండ్రి,” అని ముక్కాలి పీట మీద కూచున్నాడు.

జమున మిషిను తొక్కింది. చక్రం వెనక్కి తిరిగింది. దారం తెగింది.

“మిషిను జర పరేషాన్ చేస్తుంది సార్,” అన్నాడు సంపత్.

ఆఫీసరు లస్మవ్వ వైపు తిరిగాడు. “పెద్దమ్మా, రోజుకెన్ని చేస్తవు?”

“వెయ్యి!” అంది లస్మవ్వ. ఆమె గొప్పకేం తక్కువ లేదు, వేళ్లకే ఉంది. మొదటి బీడీ చుట్టగానే విచ్చుకుంది. రెండోది లావుగా తయారై చుట్టలా కనబడింది. మూడోదాని మూతి మడవబోతే ఆకు పగిలి తంబాకంతా చీర మీద రాలింది. లస్మవ్వ తుమ్మింది. సంపత్ కూడా తుమ్మాడు. ఆఫీసరు కలం మూత తీసి, ఏం రాయాలో తెలియక మళ్లీ పెట్టాడు.

ఆయన అట్లాగే లేచిపోతే లోను రాదు. లోను రాకపోతే ఇల్లూ లేదు, పేరూ లేదు. జమున లేచింది.

“ఇటియ్యి అత్తమ్మా.”

చాట తీసుకుని నేల మీద కూచుంది. వేళ్లకు ఎవరూ చెప్పాల్సిన పనిలేకపోయింది. ఆకు, చిటికెడు తంబాకు, ఒక్క తిప్పు, మూతి మడత, దారం. ఆమె చూపు ఆఫీసరు ముఖం మీదే ఉంది. ఒకటి, నాలుగు, తొమ్మిది.

“సరదాకు చేస్తది సార్, అప్పుడప్పుడు,” అన్నాడు సంపత్.

“సరదాకు చేసేటోళ్లు చేతుల దిక్కు చూసుకుంట చేస్తరు,” అన్నాడు శ్యాంసుందర్. “ఎన్నేండ్లాయెనమ్మా?”

“పద్నాలుగు. కార్డు ఆమెది సార్. పని నాది.”

లస్మవ్వ కార్డును రవికెలో దోపుకుంది. ఆఫీసరు అది చూసి, “కార్డు సంగతి నాది కాదు పెద్దమ్మా. చూసింది రాస్త,” అని రాశాడు. రాస్తూ, లోను ఎన్నేండ్లకని అడిగాడు.

“ఏడేండ్లు సార్,” అన్నాడు సంపత్. “మళ్ల మస్కట్ పోయి ఒక్క దెబ్బకు కట్టేస్త.”

“ఏదో ఒకటి రాయనియ్యిరా,” లస్మవ్వ పండ్ల సందుల్లోంచి గొణిగింది. ఆమెకు కాస్త చెవుడు, చెవుడున్నవాళ్ల గొణుగుడు వీధి దాకా వినబడుతుంది. “ఆయన పోయినంక గా స్టాంపు కాయితం మీద సంతకం పెట్టించుడు ఉండనే ఉన్నదాయె.”

జమున చేతులు మొదటిసారి ఆగాయి.

“సార్, లోను నడుస్తుండంగ, నా పేరు తీసేసి వేరేటోళ్లకు రాసిచ్చుడు నడుస్తదా?”

సంపత్ గొంతు సవరించుకున్నాడు. శ్యాంసుందర్ ఒకసారి అతన్ని, ఒకసారి లస్మవ్వను చూశాడు. “నడువదమ్మా. ఇంటి కాయితాలు బ్యాంకుల కుదువ ఉంటయి. అప్పు తీరేదాక, బ్యాంకు ఒప్పుకోకుంటె ఎవరి పేరు కదలది.”

ఆమె చాట పక్కకు పెట్టింది. సంపత్ మస్కట్ నుంచి పోయినసారి ఎంత వెనకేసుకొచ్చాడో ఆమెకు తెలుసు, ముందుగా అప్పు తీర్చే మనిషి కాడనీ తెలుసు. అయినా ఏడేండ్లంటే ఏడేండ్లే. పెద్దదానికి అప్పటికి పంతొమ్మిది, చిన్నోడికి పదహారు. అప్పటికీ లస్మవ్వ పెట్టె ఉంటుంది, అందులో కాగితం ఉంటుంది. ఇన్నాళ్లూ కుదువ అనే మాట వింటేనే గుండె జారేది ఆమెకు. పుస్తెలు కుదువ పోయినప్పుడు, గిన్నెలు పోయినప్పుడు. మొదటిసారి ఆ మాట తాళంకప్పలా వినబడింది, తన వైపు నుంచి వేసుకునే తాళంకప్ప.

“ఎక్కువల ఎక్కువ ఎన్నేండ్లు ఇస్తరు సార్?”

“ఇరవై. కని మిత్తి బాగైతదమ్మా. తీస్కున్నదానికి రెండింతలు కడ్తరు.”

“దిమాక్ ఉన్నదా నీకు?” సంపత్ లేచాడు. “ముసలోళ్లమయ్యేదాక కడ్తమా?”

“ఇరవై అయితెనే నేను లోను కాయితం మీద సంతకం పెడ్త,” అంది జమున.

నా ఇంట్లో ఉండి, నా తిండి తిని అని ఏదో మొదలుపెట్టాడు సంపత్. మధ్యలో బయానా గుర్తొచ్చినట్టుంది, మళ్లీ కూచున్నాడు. లస్మవ్వ కొడుకు వంక, కొడుకు లస్మవ్వ వంక చూసుకున్నారు. ఆఫీసరు కలం గాల్లో పెట్టుకుని జమున కోసం ఆగాడు.

“ఇరవై రాయుండ్రి సార్,” అంది జమున. “ముప్పై ఇచ్చే బ్యాంకేమన్న ఉంటె అది గూడ చెప్పుండ్రి.”